బొట్టు పెట్టి బడికి పిలిచిన కాలనీ

మార్చి నెల మూడో ఆదివారం, సాయంత్రం. స్థలం, దేశ రాజధాని పక్కనే వైశాలిలో మా ఫ్లాటు. హాజరైనవారు: నేను, నా భార్య రాజ్యలక్ష్మి, నాతో కలిసి చదువుకుని, అండర్ సెక్రటరీగా రిటైరైన సుబ్బారాయుడు, మేమిద్దరం చదివిన సర్కారీ బడిలో తెలుగు విభాగానికి మిగిలిన ఒకే ఒక్క టీచరు వనజ, ఆ విభాగంలో ఏడో తరగతి పూర్తి చేసిన లావణ్య, లావణ్య తల్లి నూకరత్నం.

ఎవరు కూర్చున్నారో ముందు రాసుకుని, ఏం మాట్లాడారో తర్వాత రాయడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. డైరీలో ఇంట్లో జరిగిన పెళ్ళిచూపులు కూడా ఇలాగే రాశానని రాజ్యం ఇప్పటికీ నవ్వుతుంది. ఆ సాయంత్రం మాత్రం ఎవరూ నవ్వే మనసుతో లేరు. సర్కారీ బళ్ళనూ విశ్వవిద్యాలయాలనూ బలపరుస్తామంటూ రాజధాని ప్రభుత్వం ఒక ప్రణాళిక ప్రకటించింది. కొత్త గదులు, ప్రయోగశాలలు, గోడకు పెద్ద తెరలు, ఖాళీ పోస్టుల భర్తీ, విశ్వవిద్యాలయానికి మరో ప్రాంగణం. పేపర్లో చదివి సంతోషించాను. కత్తిరించి దాచుకున్నాను కూడా. టెంటులో కూర్చుని చదువుకున్నవాడికి పక్కా గది అన్న మాటే పెద్ద వైభవం. అందులోనే, పిల్లలు తక్కువగా ఉన్న విభాగాలను దగ్గర్లోని పెద్ద బడిలో కలిపేస్తామని ఒక వాక్యం ఉంది. చదివాను, ముందుకు వెళ్ళిపోయాను. అది మా బడి సంగతేనని వనజ ఫోన్ చేసేదాకా తట్టలేదు.

వనజ చెప్పింది ఇది. వచ్చే నెల నుంచి తెలుగు విభాగం ఉండదు. పిల్లలందరినీ రింగు రోడ్డుకు అవతల ఉన్న పెద్ద బడిలో చేర్చుకుంటారు. అది మంచి బడి. కాని అక్కడ తెలుగు లేదు. చిన్న తరగతుల పిల్లలు ఎలాగో సర్దుకుంటారు. లావణ్య సంగతే కష్టం. పోయిన ఏడాది వరకూ శ్రీకాకుళం వైపు పల్లెలో చదువుకున్న పిల్ల. తండ్రి ఇక్కడ టవర్ల కట్టుబడిలో ఇనప చువ్వలు వంచి కట్టే పని చేస్తాడు. ఆ టవర్లు లేస్తున్నది మేం పెరిగిన సర్కారీ కాలనీ పాత క్వార్టర్లు కూల్చేసిన నేలలోనే. పిల్లకి హిందీలో కూరలు బేరమాడటం వచ్చింది గాని పాఠం రాయడం రాదు. లెక్కలూ సైన్సూ తెలుగులో అయితే ఎవరికీ తీసిపోదు. పెద్ద బడివాళ్ళు చూసి, ఎనిమిదిలో వద్దు, మళ్ళీ ఆరులో కూర్చోబెడతాం అన్నారట. అలాగైతే పల్లెకి పంపి హాస్టల్లో వేసేస్తానని తండ్రి. నా పిల్ల నా కళ్ళ ముందుండాలని తల్లి.

"హాస్టల్లో ఏస్తే మల్లీ ఎప్పుడు సూస్తానండీ," అంది నూకరత్నం, కుర్చీ ఇచ్చినా కింద కూర్చోబోయి, రాజ్యం బలవంతం మీద కుర్చీ అంచున కూర్చుంటూ. "ఈయన పనెక్కడుంటే మేవక్కడ. ఊరెల్లడానికి సెలవులేటి మాకు?"

"ఏం భయపడకమ్మా," అన్నాడు సుబ్బారాయుడు. కళ్ళజోడు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీశాడు. "ముందు డ్రాఫ్టు తయారుకానీ."

ఆ మాట అన్న తీరులో అచ్చం వాళ్ళ నాన్నగారు కనిపించారు. మా నాన్న కనిపించాడు. కాలనీలో ఆ రోజుల్లో తెలుగువాళ్ళంటే మగవాళ్ళందరూ ఏదో ఒక మంత్రిత్వ శాఖలో ఫైళ్ళు రాసేవాళ్ళే. నల్లాలో నీళ్ళు రాకపోయినా, రేషన్లో గోధుమలు పుచ్చిపోయినా, మొదటి పని వినతిపత్రం. సాయంత్రం సైకిలు గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కుని, నాన్న బయట మంచం మీద కూర్చునేవాడు. అమ్మ గుమ్మం ముందు అంగీఠీ కుంపటి వెలిగించేది. బొగ్గు రాజుకునేదాకా అటు నుంచి ఇటు వరుసగా అన్ని గుమ్మాల్లోంచీ పొగే. చలికాలమైతే ఆ పొగ పైకి పోక క్వార్టర్ల మధ్యే పడుకుని ఉండేది. పిల్లల స్వెటర్లకీ పుస్తకాలకీ, చివరికి పెరుగన్నానికీ ఆ వాసనే. ఆ పొగలోనే పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ చేరి, నాన్న రాసిన దాన్ని చదివి, దిద్ది, ఒకరు చేర్చిన మాట ఇంకొకరు కొట్టేసి, భోజనాల వేళకి లేచేవారు. అలా రాసిన వినతులకి ఫలితం ఏమొచ్చేదో నాకు గుర్తు లేదు. దిద్దుబాట్ల ఎర్ర సిరా మాత్రం గుర్తుంది.

మా బడి అప్పుడు టెంట్లలో ఉండేది. ఇప్పటి పిల్లలకి చెబితే పిక్నిక్ అనుకుంటారు. మైదానంలో వరసగా ఖాకీ రంగు గుడారాలు. ఒక్కోదానికి నడుమ పెద్ద రాట, చుట్టూ తాళ్ళు, మేకులు. ఎండకి కాన్వాసు కాగితే మైనం వాసన, వానకి తడిస్తే గోనెసంచుల వాసన. నేల మీద తాటిచాపలు కావు, జనపనార పట్టాలు. లేచేసరికి నిక్కరుకి దారాలు అంటుకునేవి. మా తెలుగు మాస్టారు ఫరీదాబాద్ నుంచి వచ్చేవారు. మామూలు మనిషి, కోపం ఎక్కువ. చొక్కా జేబులో సుద్దముక్కలు, చేతిలో గొడుగు. వచ్చీ రాగానే పాఠం మొదలుపెట్టకుండా టెంటు చుట్టూ తిరిగి ఒక్కో తాడూ లాగి చూసేవారు. వేసవి మొదట్లో దుమ్ముగాలి లేచిందంటే పాఠం ఆపి, "తాళ్ళు!" అని ఒక్క కేక వేసేవారు. పెద్ద పిల్లలం పరిగెత్తి తలో తాడూ పట్టుకుని వేలాడేవాళ్ళం. చిన్నవాళ్ళు లోపల కళ్ళు మూసుకుని ఎక్కాలు అరిచేవారు. గాలి హోరులో ఎక్కాలు వినిపిస్తున్నంతసేపూ టెంటు నిలబడే ఉందని మాకు ధైర్యం. పక్క టెంటు హిందీ విభాగానిది. ఒకసారి అది లేచిపోతే ఆ పిల్లలంతా మా టెంటులోకి వచ్చారు. మాస్టారు వాళ్ళ చేత కూడా తెలుగులో ఎక్కాలు చెప్పించారు.

అయితే టెంటుకన్నా బలహీనమైనది మా విభాగమే. పిల్లల సంఖ్య తగ్గితే పోస్టు తీసేస్తారు. బదిలీల ఉద్యోగాలు కాబట్టి ప్రతి వేసవికీ నాలుగు కుటుంబాలు వెళ్ళిపోయేవి, కొత్తగా ఎవరొస్తారో తెలియదు. నాన్నలు వినతిపత్రం మొదలుపెట్టేవారు. అమ్మలు కుంకుమ భరిణె తీసేవారు. పేరంటానికి పిలిచినట్టు బడికి పిలవడం మా కాలనీలో ఎలా మొదలైందో నేనెవర్నీ అడగలేదు. అడగాలని తోచేటంత వింతగా అనిపించలేదు అప్పుడు. బళ్ళు తెరిచేముందు మా అమ్మా, సుబ్బారాయుడి వాళ్ళమ్మా పట్టుచీరలు కట్టుకుని, మధ్యాహ్నం ఎండ తగ్గాక బయల్దేరేవారు. తెలుగు గడప ఎక్కడుంటే అక్కడ ఎక్కడం, ఇల్లాలికి బొట్టు పెట్టడం, "మా ఇంటికి పేరంటానికి రాకపోయినా ఏమీ అనుకోం, మీ పిల్లని మాత్రం మన బడికి పంపండి" అనడం. బొట్టు పెట్టించుకున్నాక కాదనడం మర్యాద కాదు. అది వాళ్ళకి తెలుసు, మా అమ్మకీ తెలుసు.

పెద్ద అధికారుల క్వార్టర్లలో ఒకావిడ, "మా వాళ్ళది కాన్వెంటండీ, యూనిఫారం కూడా కుట్టించేశాం," అన్నది. మా అమ్మ ఆవిడ నుదుటి మీద బొట్టు పెడుతూనే, "అయ్యో, దానికేం, పెద్దవాడిది కుట్టించారు. చిన్నదానిది ఇంకా కుట్టించలేదుగా?" అంది. చిన్నది మా విభాగంలో చేరింది. దారిపొడుగునా సుబ్బారాయుడి వాళ్ళమ్మ, "ఏం నోరే తల్లీ నీది, మీ ఆయన ఫైలు నీకిస్తే ఈ దేశం బాగుపడేది," అని మురిసిపోయిందట.

ఒక ఏడాది బదిలీలు మరీ ఎక్కువై, ఇంకొక్క పిల్ల కావలసి వచ్చింది. తిరిగి తిరిగి అలిసిపోయిన మా అమ్మ, మా పక్క క్వార్టర్లో ఉండే పంజాబీ ఆంటీకి కూడా బొట్టు పెట్టేసింది. మా అమ్మకి హిందీలో కూరల పేర్లు, "అచ్ఛా", "ఠీక్ హై" తప్ప రావు. బొట్టు పెట్టి, ఆంటీ కూతురు బల్జీత్‌ని చూపించి, మైదానం వైపు చెయ్యి ఊపి, "కల్, సుబహ్" అని వచ్చేసింది. ఆంటీ అది పూజ అనుకుంది. మర్నాడు పొద్దున్న బల్జీత్‌కి గోటా జరీ అంచు సల్వారు వేసి, రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టి, పళ్ళెం నిండా లడ్డూలు పట్టుకుని బడికి వచ్చింది. మాస్టారు రిజిస్టరు తెరిచి కూర్చుని ఉన్నారు. ఆంటీ దేవుడు ఎక్కడని చూసింది, మాస్టారు ఈ లడ్డూలు ఎందుకని చూశారు. మా అమ్మ తల దించుకుంది. సంగతి తెలిశాక ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది చూడండి, టెంటు ఊగిపోయింది. "ఠీక్ హై, బహన్‌జీ. కుంకుమ పెట్టించుకుని ఖాళీ చేతులతో పంపనా? రాయండి పేరు," అంది. బల్జీత్ వాళ్ళ నాన్నకి బదిలీ అయ్యేదాకా మాతోనే చదువుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు అందరికన్నా ముందు లేచి పదహారో ఎక్కం తెలుగులో అప్పజెప్పింది కూడా బల్జీతే. మా విభాగం అలా నిలబడింది. తర్వాత టెంట్లు పోయి రేకుల గదులొచ్చాయి, రేకులు పోయి స్లాబు వచ్చింది. అప్పటికి మేం ఉద్యోగాల్లో ఉన్నాం.

ఆదివారం సాయంత్రం సంగతికి వస్తాను. సుబ్బారాయుడు డ్రాఫ్టు రాస్తున్నాడు, నేను దిద్దుతున్నాను. నాలుగు పేజీలయింది. విభాగం చరిత్ర, భాషా మైనారిటీల హక్కులు, ప్రణాళికను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నామని ఒక పేరా, అయినప్పటికీ అని ఇంకొకటి. ఆ రెండు పేరాల్లో ఏది ముందుండాలని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ వాదన మాకు సుఖంగా ఉంది. ఎన్నాళ్ళకో మళ్ళీ సెక్షన్లో కూర్చున్నట్టుంది. వనజ గడియారం చూసుకుంటోంది. లావణ్య మా మనవరాలు ఈశ పుస్తకాల అలమర ముందు నిలబడి, అట్టల మీద బొమ్మలు చూస్తోంది, ముట్టుకోకుండా.

"కింద ఎవరెవరు సంతకం పెట్టాలి?" అన్నాను.

సుబ్బారాయుడు పేర్లు చెప్పుకుపోయాడు. అందరూ రిటైరైన పెద్దలు. జాయింట్ సెక్రటరీలు, ఒక కర్నల్ గారు, ఆడిట్‌లో చేసినాయన.

"మరి నాను పెట్టక్కర్లేదేటండీ?" అంది నూకరత్నం. "ఏలుముద్రే గాని, ఏస్తాను."

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాలుగు పేజీల్లో ఆ బడిలో పిల్ల ఉన్న మనిషికి చోటు వదల్లేదు. "పెడుదువుగాని తల్లీ, కిందన పెడదాం," అన్నాడు సుబ్బారాయుడు, గబగబా.

రాజ్యం టీ కప్పులు తీస్తూ, "అన్నయ్యగారూ, ఒకటడుగుతాను," అంది. "మీ మనవడిని గాని మా ఈశని గాని ఆ బడిలో వేద్దామా? ఇద్దరు పెరిగినా పెరిగినట్టే కదా."

"అది వేరే ఫైలు, చెల్లెమ్మా," అన్నాడు సుబ్బారాయుడు. నవ్వుదామని చూశాడు, కుదరలేదు. నేను కాగితాలు సర్దాను.

"నన్నే బయల్దేరమంటే బయల్దేరతాను," అంది రాజ్యం మళ్ళీ, ఎవరూ అడక్కుండానే. "మీ అమ్మగారిలాగా. కాని ఏ గుమ్మానికని? ఏ సొసైటీకి వెళ్ళినా గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా ఫోన్ చేసి అడిగితే గాని లిఫ్టు ఎక్కనివ్వడు. పైకెళ్ళి మాత్రం ఏమని చెప్పను? మా పిల్లల్ని మేం పంపలేదు, మీరు పంపండి అనా?"

మా కాలంలో ఆ బడి వీధిలో అందరిదీ. క్లర్కు పిల్లలూ చప్రాసీ పిల్లలూ ఒకే పట్టా మీద కూర్చున్నాం. గదులు లేవు, తెరలు లేవు, కుళాయి దగ్గర క్యూ. ఇప్పుడు గదులొస్తున్నాయి, తెరలొస్తున్నాయి, వాటిని సంపాదించి పెట్టగల మాటకారి మనుషులు అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి ఎవరితో మాట్లాడాలో తెలియదు, మాకు మాట్లాడటం తప్ప ఏమీ తెలియదు. ప్రభుత్వాన్ని తిట్టుకుని పడుకుందామంటే ప్రణాళికలో తప్పు కనపడదు. వెళ్ళేటప్పుడు వనజ చెప్పులు వేసుకుంటూ, "విభాగం పోతే నేనూ పోతాను అంకుల్. గెస్టు టీచర్ని కదా. నాకు ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఈ పిల్లని చూడండి ముందు," అంది. పొద్దున్నే బడిలో కలుద్దాం, ప్రిన్సిపాల్ గారికి చూపించి అటునుంచటే విద్యాశాఖ ఆఫీసుకి వెళదాం అని నిర్ణయించుకున్నాం.

మర్నాడు పొద్దున్న మెట్రోలో నేనూ సుబ్బారాయుడూ బయల్దేరాం. అతను డ్రాఫ్టుని శుభ్రంగా టైపు చేయించి, ఫైలు కవరులో పెట్టి తెచ్చాడు. బడిలో ప్రార్థన అయిపోయింది. ప్రిన్సిపాల్ మేడం మర్యాదస్తురాలు. మేం పాత విద్యార్థులమని తెలిసి కుర్చీలు వేయించి, టీ తెప్పించి, కొత్తగా బిగించిన తెర చూపించింది. దాని మీద ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. "ఇది కావాలని ఎన్నేళ్ళు అడిగానో సార్," అంది హిందీలో. ఆవిడ కళ్ళలో సంతోషం నిజమైనది. మా నాలుగు పేజీలూ ఓపికగా చదివింది. పైకి పంపుతానంది. తర్వాత మెల్లగా, "తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా వచ్చారా?" అని అడిగింది.

వచ్చింది. నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడి ఉంది, పక్కన లావణ్య. వెనక వనజ, మొహం పాలిపోయి.

"టీసీ ఇమ్మంటోంది అంకుల్," అంది వనజ. నూకరత్నం వైపు తిరిగి, "ఒక్క నెల ఆగమ్మా. పెద్దలు రాశారు కదా," అంది.

"నెల్లాగితే అక్కడ సీటుంటాదేటమ్మా?" అంది నూకరత్నం. గొంతులో కోపం లేదు. "ఈల్లు రాసినదానికి జవాబొచ్చీవరకూ నా పిల్ల ఎక్కడ కూకుంటాది? రాత్రి ఈయనతో దెబ్బలాడీసినాను. ఆరైతే ఆరు, నా దగ్గరే ఉంటాది, సదుంకుంటాది అనీసినాను. టిక్కెట్టు తీయొద్దన్నాను." మా వైపు చూసి, "మీరేటీ అనుకోకండి బాబూ. మీరు మంచికే రాసినారు," అంది.

గుమాస్తా సెలవులో ఉన్నాడు కాబట్టి టీసీ వనజే రాయాల్సి వచ్చింది. మేడం సంతకం పెట్టింది. లావణ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "తాతగారూ, ఆరో తరగతి హిందీ పుస్తకం ఎక్కడ దొరుకుతాది?" అని నన్ను అడిగింది.

విద్యాశాఖ ఆఫీసుకి సుబ్బారాయుడు ఒక్కడే వెళ్ళాడు. నేను తల్లీకూతుళ్ళతో బేర్ సరాయ్ దాకా నడిచాను. ఆ ఇరుకు సందుల్లో ఉద్యోగ పరీక్షల పుస్తకాల గుట్టల మధ్య, బడి పుస్తకాలు కూడా పెట్టే ఒక కొట్టులో పాత ప్రతి దొరికింది. లావణ్య అక్కడే, మెట్ల మీద నిలబడి తెరిచింది. మొదటి పాఠం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఒక పదం పూర్తి చేసింది. రెండో పదం మధ్యలో ఆగిపోయి తల్లి వైపు చూసింది.

నూకరత్నానికి ఏ భాషా చదవడం రాదు. పుస్తకంలోకి వంగి, అక్షరాల వైపు కాసేపు చూసింది.

"బాగానే ఉందమ్మా," అంది. "సదువు."